ప్రామ్, వసంత నాటకం: అమెరికా హైస్కూలు వేడుకల చరిత్ర

అమెరికా హైస్కూళ్లలో చదువుల సంవత్సరం ఆగస్టు చివర్లోనో సెప్టెంబరు మొదట్లోనో మొదలై మే, జూన్ నెలల్లో ముగుస్తుంది. ఆ ముగింపుకు ముందు వచ్చే వసంతంలో రెండు వేడుకలు దాదాపు ప్రతి ఊరి బడిలోనూ జరుగుతాయి. ముందుగా బడి ఆడిటోరియంలో కొన్ని రాత్రుల పాటు ఒక సంగీత నాటకం ఆడతారు. ఆ తర్వాత పై తరగతుల వారికి ప్రామ్ అనే నృత్య విందు ఉంటుంది. ప్రభుత్వం వీటిని జరపమని చెప్పలేదు, వీటికి పరీక్షలూ లేవు. అయినా సుమారు వందేళ్లుగా పిల్లలే పూనుకుని, డబ్బు కూడబెట్టి, రాత్రులు మేలుకుని వీటిని నడుపుతున్నారు. బడి తలుపులు ఎవరికి తెరుచుకున్నాయో, ఎవరికి తెరుచుకోలేదో పాఠ్యపుస్తకాల కంటే ఈ రెండు వేడుకల చరిత్రే స్పష్టంగా చెబుతుంది.

1890లో అమెరికాలో 14 నుంచి 17 ఏళ్ల వయసు పిల్లల్లో హైస్కూలుకు వెళ్లేవారు నూటికి ఏడుగురు కూడా లేరు. మిగిలినవారిలో చాలామంది పొలాల్లో, మిల్లుల్లో, గనుల్లో పని చేసేవారు. 1920 నాటికి ఆ సంఖ్య నూటికి ముప్ఫై దాకా వచ్చింది, 1930కి సగానికి చేరింది, 1940కి డెబ్బై దాటింది. బాల కార్మిక చట్టాలు, నిర్బంధ విద్యా చట్టాలు, 1930ల ఆర్థిక మాంద్యంలో పనులు దొరకకపోవడం అన్నీ కలిసి పిల్లలను బడిలోనే ఉంచాయి. ఇంతమంది ఒకే వయసువాళ్లు రోజంతా ఒకేచోట గడపడం ఆ దేశానికి అదివరకు అనుభవంలో లేని విషయం. వాళ్ల తీరిక వేళలను ఏం చేయాలన్న ప్రశ్న ఉపాధ్యాయుల ముందుకు వచ్చింది. క్రీడలు, బ్యాండు, చర్చా గోష్ఠులు, నాటకాలు, నృత్యాలు బడిలో భాగమైంది ఈ దశలోనే.

ప్రామ్ మాత్రం హైస్కూల్లో పుట్టలేదు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికా ఈశాన్య రాష్ట్రాల కాలేజీల్లో చదువు ముగించేవారికి నృత్య సభలు జరిగేవి. అతిథులంతా జంటలుగా వరుసకట్టి హాలంతా నడిచి రావడంతో సభ మొదలయ్యేది. ప్రామెనేడ్ అనే ఆ నడక పేరే కుదించుకుపోయి వేడుక పేరైంది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆమ్‌హర్స్ట్ కాలేజీ విద్యార్థి ఒకరు పక్క ఊళ్లోని స్మిత్ మహిళా కళాశాల ప్రామ్‌కు వెళ్లినట్టు 1894లో తన దినచర్యలో రాసుకున్నారు. ఈ వేడుక గురించి దొరికిన తొలి ప్రస్తావనల్లో అదొకటి. అదే కాలంలో సంపన్న కుటుంబాలు ఈడొచ్చిన కూతుళ్లను సమాజానికి పరిచయం చేస్తూ డెబ్యుటాంట్ బాల్ అనే ఖరీదైన విందులు చేసేవి. అంత ఖర్చు పెట్టలేని మధ్యతరగతి వారికి బడిలో జరిగే ప్రామ్ ఆ లోటు తీర్చింది. కూలి చేసుకునేవారి అమ్మాయి కూడా ఆ ఒక్క రాత్రి పొడవాటి గౌను తొడుక్కుని, చేతికి పూలు కట్టుకుని, పేరు పిలవగా హాల్లోకి నడిచి రావచ్చు.

హైస్కూళ్లకు ఇది ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో చేరింది. చాలా ఊళ్లలో మొదట్లో ఇది జూనియర్-సీనియర్ విందు. పదకొండో తరగతి వారు జూనియర్లు, పన్నెండో తరగతి వారు సీనియర్లు. మన ఊళ్లలో తొమ్మిదో తరగతి వారు పదో తరగతి వారికి వీడ్కోలు సభ పెట్టినట్టే, అక్కడ జూనియర్లు డబ్బు పోగుచేసి సీనియర్లకు విందు ఇచ్చేవారు. భోజనం, ఉపన్యాసాలు, ఒకటి రెండు పాటలు, అంతటితో సరి. నృత్యం తర్వాత వచ్చి చేరింది. కొన్ని క్రైస్తవ శాఖలు నృత్యాన్ని ఒప్పుకోవు కాబట్టి అలాంటి ఊళ్లలో చాలాకాలం విందుతోనే సరిపెట్టారు. జూనియర్లే ఆతిథ్యం ఇవ్వాలన్న పద్ధతి మాత్రం ఎన్నో బడుల్లో ఈనాటికీ నడుస్తోంది. వాళ్లు ఏడాదంతా కేకులు చేసి అమ్ముతారు, శనివారాలు కార్లు కడుగుతారు, ఇంటింటికీ తిరిగి చాక్లెట్లు అమ్ముతారు. హాలు అద్దె, భోజనం, సంగీతం ఖర్చులు చాలావరకు ఆ నిధి నుంచీ, టికెట్ల డబ్బు నుంచీ వస్తాయి.

తొలినాళ్ల ప్రామ్‌లకు వేదిక బడి జిమ్నాజియమే. బాస్కెట్‌బాల్ ఆడే చెక్క నేల మీద, ముందు రోజు మధ్యాహ్నం నుంచే నిచ్చెనలు వేసుకుని పిల్లలు పని మొదలుపెట్టేవారు. ముడతల కాగితం చుట్టలు విప్పి, మెలిపెట్టి, ఒక బాస్కెట్ రింగు నుంచి ఎదుటి రింగు దాకా లాగి కట్టేవారు. ఇనుప దూలాలు కనిపించకుండా పైకప్పు కింద కాగితపు ఆకాశం పరచి, అట్టముక్కలతో నక్షత్రాలు, వంతెనలు, ఓడలు చేసి నిలబెట్టేవారు. ఏ ఏటికా ఏడు ఒక ఇతివృత్తం ఉండేది. ఒకసారి పారిస్ వీధి, మరోసారి సముద్ర గర్భం. అది తేల్చడానికి ప్రామ్ కమిటీ చలికాలంలోనే కూర్చునేది. హాలు అంచున ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కాపలాగా ఉండేవారు. తర్వాతి ఉదయం ఆ అలంకరణంతా ఊడ్చి, సోమవారానికి నేలను ఆటకు సిద్ధం చేసేది కూడా పిల్లలే.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చేతిలో డబ్బు ఆడడంతో ప్రామ్ ఆర్భాటం పెరిగింది. 1944లో మొదలైన సెవెంటీన్ పత్రిక పదిహేను, పదహారేళ్ల అమ్మాయిలను కొనుగోలుదారులుగా గుర్తించింది. ప్రామ్ గౌన్ల ప్రకటనలు అలాంటి పత్రికల పేజీలు నింపాయి. 1950లలో చాలా బడులు జిమ్ వదిలి హోటళ్లకు, కంట్రీ క్లబ్బులకు వెళ్లాయి. అద్దె సూట్లు వచ్చాయి, ఆ తర్వాతి దశాబ్దాల్లో లిమోజిన్ కార్లూ వచ్చాయి. 2013లో వీసా సంస్థ జరిపిన సర్వేలో ఒక్కో కుటుంబం ప్రామ్‌కు సగటున 1,139 డాలర్లు ఖర్చు పెడుతున్నట్టు తేలింది. డెబ్యుటాంట్ విందుకు తాహతు లేనివారి కోసం పుట్టిన వేడుకలో మళ్లీ డబ్బున్నవారికీ లేనివారికీ తేడా కనపడడం మొదలైంది. వాడిన గౌన్లు సేకరించి ఉచితంగా పంచే స్వచ్ఛంద బృందాలు దేశమంతటా పుట్టుకొచ్చింది అందుకే.

విస్కాన్సిన్ రాష్ట్రంలోని రేసీన్ అనే పారిశ్రామిక పట్టణం కథ వేరు. 1953 నుంచి అక్కడ రోటరీ క్లబ్బు ఊళ్లోని బడుల పిల్లలందరికీ కలిపి ఒక ఉమ్మడి ప్రామ్ అనంతర వేడుక జరుపుతోంది. ఎవరి బడి ప్రామ్ వారు ముగించుకుని అందరూ ఒకే హాలుకు చేరుకుంటారు. పెద్ద కార్లలోనే రావాలని లేదు. ట్రాక్టర్లు, లారీలు, అగ్నిమాపక శకటాలు, ఏది దొరికితే అందులో వస్తారు. రోడ్డుకు రెండు వైపులా ఊరి జనం నిలబడి చూస్తారు. ఒక్కో జంట దిగి నడిచి వస్తుంటే మైకులో పేర్లు చదువుతారు. ఆ రాత్రి పిల్లలు తాగి కార్లు నడిపి ప్రమాదాలు తెచ్చుకోకుండా తెల్లవారే దాకా ఒకచోట ఉంచడం ఇలాంటి వేడుకల వెనుక ఉన్న ఒక ఆలోచన. అదే కారణంతో 1980లో మెయిన్ రాష్ట్రంలో చదువు ముగించిన రాత్రి మద్యం లేని వేడుక జరిపే ప్రాజెక్ట్ గ్రాడ్యుయేషన్ అనే పద్ధతి మొదలై ఇతర రాష్ట్రాలకు పాకింది.

సంగీత నాటకం దారి ఇంకొకటి. దానికి విత్తనం వేసింది ఒక రకంగా చట్టంలోని లోపమే. రచయిత గిల్బర్ట్, స్వరకర్త సలివన్ల ఆపెరెట్టా (తేలికపాటి సంగీత నాటకం) హెచ్.ఎం.ఎస్. పినఫోర్ 1878లో లండన్‌లో ప్రదర్శితమైంది. విదేశీ రచనలకు అప్పట్లో అమెరికాలో కాపీరైట్ రక్షణ లేదు. ఆ రక్షణ ఇచ్చే చట్టం 1891లో గానీ రాలేదు. దాంతో ఎవరికి తోచినట్టు వారు, ఎవరికీ పైసా కట్టకుండా ఆ నాటకం ఆడారు. వృత్తి నాటక సమాజాలతో పాటు చర్చి గాయక బృందాలు, పిల్లల బృందాలు కూడా ఆడాయి. తేలికైన పాటలు, పెద్ద కోరస్, పెద్దలు అభ్యంతరం చెప్పలేని హాస్యం ఉన్న ఆ ఆపెరెట్టాలు హైస్కూళ్లకు చక్కగా సరిపోయాయి. 1910లు, 1920లలో సంగీతం టీచర్లు వసంతంలో ఆపెరెట్టా వేయించడం చాలా ఊళ్లలో ఆనవాయితీ అయింది.

పాటలు లేని నాటకాలకు కూడా అదే కాలంలో ఒక వ్యవస్థ ఏర్పడింది. 1929లో వెస్ట్ వర్జీనియాలోని ఫెయిర్‌మాంట్ పట్టణంలో నేషనల్ థెస్పియన్ సొసైటీ మొదలైంది. హైస్కూలు నటుల కోసం పెట్టిన గౌరవ సంఘం ఇది. వయోమింగ్ రాష్ట్రంలోని కాస్పర్ పట్టణపు నట్రోనా కౌంటీ హైస్కూలు బృందానికి ఒకటో నంబరు దక్కింది. నటించినవారికే కాదు, తెర లాగినవారికి, దీపాలు నడిపినవారికి, బట్టలు కుట్టినవారికి కూడా సంఘం పాయింట్లు ఇచ్చి సభ్యత్వం ఇస్తుంది. బడి నాటకానికి ఇంత మర్యాద తెచ్చిన నిర్ణయం మరొకటి లేదు. ఫుట్‌బాల్ జట్టులో చోటు దొరకని పిల్లలకు, మాట పెగలని పిల్లలకు కూడా తెర వెనుక ఒక గౌరవమైన స్థానం దొరికింది. బడుల్లో ఏ నాటకాలు ఎక్కువగా ఆడుతున్నారో ఈ సంఘం పత్రిక 1938 నుంచి లెక్క తీస్తోంది. ఆ ఏడాదే న్యూయార్కు రంగస్థల కేంద్రమైన బ్రాడ్వేలో వచ్చిన థార్న్‌టన్ వైల్డర్ నాటకం అవర్ టౌన్ బడులకు వరమైంది. దానికి రంగాలంకరణే అక్కర్లేదు, రెండు బల్లలు, కొన్ని కుర్చీలు, నిచ్చెనలు ఉంటే చాలు.

1943 మార్చి 31న స్వరకర్త రోజర్స్, గీత రచయిత హామర్‌స్టీన్‌ల సంగీత నాటకం ఓక్లహోమా! బ్రాడ్వేలో మొదలై 2,212 ప్రదర్శనలు ఆడింది. పాట, నృత్యం, కథ విడివిడిగా కాక ఒకదాన్నొకటి నడిపించే ఆ తరహా నాటకమే తర్వాత ఇరవై ఏళ్లు బ్రాడ్వేను ఏలింది. న్యూయార్కులో ఆట ముగిశాక హక్కులు విడుదలై ఆ నాటకాలు ఒక్కొక్కటే బడులకు చేరాయి. 1952లో స్వరకర్త ఫ్రాంక్ లెసర్, వాద్యరచయిత డాన్ వాకర్ కలిసి స్థాపించిన మ్యూజిక్ థియేటర్ ఇంటర్నేషనల్, అంతకు ముందే ఉన్న టామ్స్-విట్‌మార్క్ వంటి సంస్థలు ఈ హక్కుల వ్యాపారం చేశాయి. పినఫోర్ రోజుల్లో లాగా ఊరికే ఆడుకోవడం ఇక కుదరలేదు. సీట్ల సంఖ్య, టికెట్ ధర, ఎన్ని రాత్రులు ఆడతారన్నది చూసి రుసుము నిర్ణయిస్తారు. సంభాషణల పుస్తకాలు, స్వరాల పుస్తకాలు పెట్టెల్లో అద్దెకు వస్తాయి. వాటిలో పెన్సిల్‌తోనే రాసుకోవాలి, ఆట అయ్యాక ఆ గీతలన్నీ రబ్బరుతో తుడిచి తిరిగి పంపాలి. అనుమతి లేకుండా ఒక్క మాట మార్చకూడదు. ప్రదర్శన అయిన వారంలో పిల్లలు గ్రీన్ రూమ్‌లో కూర్చుని పేజీ పేజీ తుడవడం వేలాది బడుల అనుభవం.

ఏ నాటకం ఎంచుకోవాలన్నది ఎప్పుడూ లెక్కలతో ముడిపడిన విషయమే. ఎంపికకు వచ్చేవారిలో అమ్మాయిలు ఎక్కువ, అబ్బాయిలు తక్కువ. వచ్చినవారిలో వీలైనంత మందికి చోటివ్వాలి కాబట్టి పెద్ద కోరస్ కావాలి. చూసేందుకు వచ్చేవారిలో తాతలు, అమ్మమ్మలు ఉంటారు కాబట్టి కథ ఎవరినీ నొప్పించకూడదు. 1957 నాటి ది మ్యూజిక్ మ్యాన్, 1960 నాటి బై బై బర్డీ దశాబ్దాల పాటు బడి రంగస్థలాల మీద నిలిచింది ఈ కారణాల వల్లే. మొదటిది అయోవా రాష్ట్రంలో ఒక చిన్న ఊరు, అక్కడి పిల్లల బ్యాండు కథ. రెండోది ఒక రాక్ గాయకుడు సైన్యంలో చేరబోతుంటే వెర్రెత్తిపోయే పదిహేనేళ్ల అమ్మాయిల కథ. నటించేవాళ్లు తమ వయసు పాత్రలే వేయవచ్చు. 1990లలో చిన్న తరగతుల కోసం గంట నిడివి కూర్పులు, ఆ తర్వాత పెద్ద నాటకాలకు హైస్కూళ్లకు అనువుగా మార్చిన స్కూల్ ఎడిషన్లు వచ్చాయి.

ఈ స్కూల్ ఎడిషన్ల చరిత్రలో పెన్సిల్వేనియాలోని లెవిట్టౌన్ ఊరి ట్రూమన్ హైస్కూలుకు ప్రత్యేక స్థానముంది. ఉక్కు కర్మాగార కార్మికులు స్థిరపడిన ఆ ఊరు తర్వాతి కాలంలో బాగా చితికిపోయింది. అక్కడి బడిలో లూ వోల్పె అనే ఇంగ్లీషు టీచరు నలభై ఏళ్లకు పైగా నాటక విభాగం నడిపారు. లే మిజరాబ్ల్, రెంట్ వంటి పెద్ద నాటకాలను హైస్కూలు పిల్లలు మోయగలరా అని తేల్చుకోవడానికి హక్కుదారులు ఆ బడినే ప్రయోగశాలగా ఎంచుకున్నారు. అక్కడ పిల్లలు ఆడి చూపించాకే మిగతా దేశానికి దారి తెరుచుకుంది. వోల్పె దగ్గరే చదువుకున్న పాత్రికేయుడు మైకేల్ సొకొలొవ్ 2013లో దీనిపై డ్రామా హై అనే పుస్తకం రాశారు. పరీక్షల మార్కులే బడికి కొలమానమై, కళలకు నిధులు కోతపడుతున్న రోజుల్లో ఆ పుస్తకం చాలామంది ఉపాధ్యాయులకు బలమిచ్చింది.

నాటకం పనులు డిసెంబరు, జనవరి నెలల్లో ఎంపికలతో మొదలవుతాయి. పాత్రధారుల జాబితా గోడకు అంటించిన ఉదయం ఆ బడిలో ఏడుపులూ కేరింతలూ ఒకేచోట వినపడతాయి. తర్వాత రెండు మూడు నెలలు రోజూ బడి విడిచాక రిహార్సల్స్. వడ్రంగం క్లాసు పిల్లలు సెట్లు కొడతారు, బడి బ్యాండు వాద్యబృందం అవుతుంది, తల్లులు దుస్తులు కుడతారు. రెండో ప్రపంచ యుద్ధానంతరం ఖర్చు తగ్గించుకోవడానికి చాలా బడుల్లో భోజనశాల, ఆడిటోరియం కలిపి ఒకే హాలుగా కట్టారు. అలాంటి చోట మధ్యాహ్నం భోజనాల బల్లలు మడిచి, నేల తుడిచాక గానీ రిహార్సల్ మొదలుకాదు. ఆఖరి వారం దీపాలు, మైకులు, సెట్లు అన్నీ కలిపి రాత్రి పొద్దుపోయే దాకా సాధన చేస్తారు. ఆఖరి ఆట ముగిసిన రాత్రే నటులు మేకప్ తుడుచుకుని, సుత్తులు పట్టుకుని సెట్టంతా విప్పేస్తారు.

నాటకంలో చోటు ప్రతిభ మీద ఆధారపడింది. ప్రామ్‌లో చోటు మాత్రం చాలాకాలం పుట్టుక మీద ఆధారపడింది. 1954లో సుప్రీంకోర్టు నల్ల, తెల్ల పిల్లలను వేర్వేరు బడుల్లో పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. దక్షిణాది రాష్ట్రాల్లో ఆ తీర్పు నిజంగా అమలైంది 1970 ప్రాంతంలోనే. పిల్లలు కలిసి చదవక తప్పని స్థితి రాగానే అక్కడి ఎన్నో బడులు ప్రామ్ జరపడమే మానేశాయి. తల్లిదండ్రులు ప్రైవేటుగా తెల్లవారికి ఒకటి, నల్లవారికి ఒకటి జరుపుకున్నారు. బడి జరిపేది కాదు కాబట్టి చట్టం చేతికి అది అందలేదు. ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితులు ఆ ఒక్క రాత్రి వేర్వేరు హాళ్లకు వెళ్లారు. మిసిసిపీ రాష్ట్రంలోని చార్ల్‌స్టన్‌లో ఈ పద్ధతి ముప్ఫై ఏళ్లకు పైగా సాగింది. ఆ ప్రాంతంతో అనుబంధమున్న నటుడు మోర్గన్ ఫ్రీమన్ అందరూ కలిసి జరుపుకుంటే ఖర్చంతా తానే భరిస్తానని 1997లో చెప్పినా ఊరు ఒప్పుకోలేదు. 2008లో మళ్లీ అడిగితే ఒప్పుకుంది. ఆ ఏడాది కూడా కొందరు తెల్ల తల్లిదండ్రులు తమ ప్రామ్ విడిగా జరిపారు. జార్జియాలోని విల్‌కాక్స్ కౌంటీలో 2013లో నల్ల, తెల్ల అమ్మాయిలైన నలుగురు స్నేహితులు పూనుకుని, విరాళాలు పోగుచేసి, మొదటి ఉమ్మడి ప్రామ్ జరిపారు. మరుసటి ఏడాది బడే ఆ బాధ్యత తీసుకుంది. పెద్దలు నలభై ఏళ్లలో చేయలేని పనిని పిల్లలు కొన్ని నెలల్లో చేశారు.

ఎవరితో కలిసి రావచ్చన్న ప్రశ్న కూడా కోర్టుకెక్కింది. 1980లో రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ఆరన్ ఫ్రిక్ అనే విద్యార్థి మరో యువకుడిని జంటగా వెంటబెట్టుకుని ప్రామ్‌కు వస్తానంటే గొడవలవుతాయని ప్రిన్సిపాల్ కాదన్నారు. గొడవ చేస్తారనుకునేవారిని అదుపు చేయాలి గానీ వచ్చేవారిని ఆపకూడదని ఫెడరల్ న్యాయమూర్తి రేమండ్ పెటీన్ తీర్పిచ్చారు. ముప్ఫై ఏళ్ల తర్వాత, 2010లో, మిసిసిపీలోని ఫుల్టన్‌లో కాన్‌స్టన్స్ మెక్‌మిలెన్ అనే అమ్మాయి తన స్నేహితురాలితో జంటగా వస్తానంటే బడి బోర్డు ఏకంగా ప్రామే రద్దు చేసింది. ఆమె హక్కులకు భంగం కలిగిందని కోర్టు తేల్చింది. చివరకు బోర్డు 35,000 డాలర్లు చెల్లించి, వివక్ష చూపబోమని నియమం చేసుకుంది.

ఇలాంటి ఉదంతాల ప్రేరణతోనే 2018లో బ్రాడ్వేలో ది ప్రామ్ అనే సంగీత నాటకం వచ్చింది. 2020లో అది సినిమాగానూ వచ్చింది, బడులు ఆడుకోవడానికి హక్కులూ విడుదలయ్యాయి. అంతకు ముందే డిస్నీ వారి హైస్కూల్ మ్యూజికల్ 2006లో టీవీలో వచ్చి బడి నాటకానికి కొత్త గిరాకీ తెచ్చింది. 2009 నుంచి న్యూయార్కులో జరుగుతున్న జిమ్మీ అవార్డుల పోటీకి రాష్ట్రాల నుంచి హైస్కూలు నటులు వస్తారు. 2018లో అక్కడ గెలిచిన ఆండ్రూ బార్త్ ఫెల్డ్‌మన్ మరుసటి జనవరిలో, పదహారేళ్ల వయసులో, బ్రాడ్వేలో డియర్ ఇవాన్ హాన్సెన్ ప్రధాన పాత్ర వేశాడు. అదే ఏడాది బడి నాటకం ఒక విషాదాన్నీ చూసింది. 2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ ఊరి హైస్కూల్లో కాల్పులకు 17 మంది బలయ్యారు. కాల్పులు మొదలైనప్పుడు నాటక ఉపాధ్యాయురాలు మెలొడీ హెర్జ్‌ఫెల్డ్ వసంతంలో ఆడాల్సిన పిల్లల సంగీత నాటకానికి రిహార్సల్ చేయిస్తున్నారు. ఆమె 65 మందిని కాపాడారు. ఆ పిల్లలు తర్వాత ఆ నాటకం ఆడే తీరారు, జూన్‌లో బ్రాడ్వే నాటకాలకిచ్చే టోనీ అవార్డుల వేదిక మీద పాడారు.

డల్లాస్, అట్లాంటా, న్యూజెర్సీ శివార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఇప్పుడు ఈ చరిత్రలో భాగమే. అబ్బాయిలు ఒక వైపు, అమ్మాయిలు ఒక వైపు కూర్చున్న తరగతుల్లో చదువుకుని వచ్చిన తల్లిదండ్రులకు ప్రామ్ అన్న మాటే మొదట్లో బెరుకు పుట్టించింది. జంటగా కాకుండా పది మంది స్నేహితులు కలిసి వెళ్లే పద్ధతి ఈమధ్య అన్ని వర్గాల్లోనూ పెరగడం వారికి కలిసొచ్చింది. గౌనుకు బదులు లెహంగాతో వెళ్లే అమ్మాయిలూ ఉన్నారు.

2020 మార్చిలో కరోనాతో బడులన్నీ మూతపడ్డాయి. చాలా చోట్ల సెట్లు సగం కట్టి ఉన్నాయి, టికెట్లు అమ్ముడైపోయాయి. నాటకాలూ ప్రామ్‌లూ రద్దయ్యాయి. 2021లో కొన్ని బడులు ఫుట్‌బాల్ మైదానాల్లో ప్రామ్ జరిపాయి, మాస్కులు పెట్టుకుని నాటకాలు ఆడి ఆన్‌లైన్‌లో చూపించాయి. 2022 వసంతానికి రెండూ చాలావరకు తిరిగి వచ్చాయి. ఈ పనులు సీనియర్ల నుంచి జూనియర్లు చూసి నేర్చుకునేవి కావడంతో, నేర్పాల్సిన తరగతులు మధ్యలో వెళ్లిపోయిన చోట్ల దీపాలు నడపడం నుంచి నిధులు పోగుచేయడం దాకా ఉపాధ్యాయులు మళ్లీ మొదటి నుంచి నేర్పాల్సి వచ్చింది.